దొమ్మరోగం గుట్టు విప్పిన తాలూకా డాక్టరు రాబర్ట్ కోచ్

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో సెంటు భూమి లేని కుటుంబానికి ఆస్తి అంటే కొట్టంలో కట్టేసిన ఒక ఆవు, దొడ్లో వున్న నాలుగు మేకలు. వాన తప్పినా, పని దొరక్కపోయినా, బిడ్డ పెళ్ళి కుదిరినా, ఆసుపత్రి ఖర్చు మీదపడినా అమ్మేది వాటినే. అటువంటి జీవం రాత్రి బాగా మేసి, తెల్లారేసరికి పొట్ట ఉబ్బి, ముక్కున నల్లటి నెత్తురు కారుతూ చచ్చి పడి వుంటే ఆ ఇంటి సంగతి ఏమవుతుందో మన పాఠకులకు చెప్పనక్కరలేదు. ఇట్లా చంపే రోగాల్లో దొమ్మరోగం పేరుమోసింది. డాక్టర్లు దాన్ని ఆంత్రాక్స్ అంటారు.

ఆ నల్లటి నెత్తురులో ఏముందో, అది ఒక జీవం నుంచి ఇంకో జీవానికి ఎట్లా పోతుందో మొదటిసారి తేల్చి చెప్పినవాడు పెద్ద పరిశోధనాలయంలో కూర్చున్న పండితుడు కాదు. ఒక మారుమూల పట్టణంలో పనిచేసిన చిన్న ప్రభుత్వ డాక్టరు. ఆయన పేరు రాబర్ట్ కోచ్. ఆయన కనిపెట్టిన సంగతులూ, ఆయన చేసిన పొరపాట్లూ రెండూ మన గొడ్లకొట్టాల దాకా వచ్చాయి. అందుకే ఈ వారం ఆయన జీవితాన్ని మీ ముందు పెడుతున్నాం.

గనుల ఊరి పిల్లవాడు

కోచ్ 1843 డిసెంబరు 11న జర్మనీలో హార్జ్ కొండల నడుమ వున్న క్లౌస్తాల్ అనే గనుల ఊళ్ళో పుట్టాడు. తండ్రి గనుల్లో ఉద్యోగి. ఇంట్లో పదముగ్గురు పిల్లలు. ఐదేళ్ళు నిండకముందే ఇంటికొచ్చే వార్తాపత్రికలు ముందేసుకుని, ఎవరూ చెప్పకుండానే అక్షరాలు కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నాడని ఆయన జీవితం రాసినవాళ్ళు చెబుతారు. 1862లో గోటింజెన్ విశ్వవిద్యాలయంలో చేరి 1866లో వైద్య పట్టా పుచ్చుకున్నాడు. అక్కడ ఆయనకు చదువు చెప్పినవాళ్ళలో యాకోబ్ హెన్లె ఒకరు. అంటురోగాలకు కారణం కంటికి కనిపించని ప్రాణులేనని హెన్లె 1840లోనే వాదించాడు. అయితే దానికి రుజువు చూపించినవాడు అప్పటికి లేడు.

చదువయ్యాక కోచ్ చిన్న చిన్న ఊళ్ళలో వైద్యం చేశాడు. 1870లో ఫ్రాన్సుతో యుద్ధం వస్తే సైన్యంలో డాక్టరుగా వెళ్ళాడు. 1872లో వోల్‌స్టైన్ అనే చిన్న పట్టణానికి జిల్లా వైద్యాధికారిగా వచ్చాడు. ఆ ఊరు నేడు పోలెండు దేశంలో వుంది. చుట్టూ పల్లెలు, పొలాలు, గొర్రెల మందలు. పొద్దున్నుంచి రాత్రిదాకా రోగులను చూడడం, మశూచి టీకాలు వేయడం, శవపరీక్షలు చేయడం ఆయన ఉద్యోగం. మన తాలూకా ఆసుపత్రి డాక్టరు లాంటివాడే అనుకోండి. పరిశోధనకు ప్రత్యేకంగా గది లేదు, జీతం లేదు, సహాయకుడు లేడు. రోగులను చూసే గదిలోనే ఒక మూల తెర కట్టుకుని, దాని వెనక ఒక సూక్ష్మదర్శిని, కొన్ని గాజుపలకలు, కొన్ని ఎలుకలు పెట్టుకున్నాడు.

ఆ చుట్టుపక్కల ఏటా గొర్రెలు, ఆవులు దొమ్మతో చచ్చేవి. వాటి చర్మం ఒలిచినవాళ్ళకూ, ఉన్ని పని చేసినవాళ్ళకూ చేతుల మీద నల్లటి పుండ్లు లేచేవి, కొందరు చనిపోయేవాళ్ళు. రోగంతో చచ్చిన జీవాల నెత్తురులో సన్నటి పుల్లల్లాంటివి కనిపిస్తున్నాయని ఫ్రాన్సులో డవేన్ అనే వైద్యుడు అప్పటికే చూశాడు. కానీ ఒక చిక్కు మిగిలిపోయింది. రోగపు జీవం ఒక్కటీ తొక్కని బీట్లో కూడా, ఏళ్ళ తరబడి ఖాళీగా వున్న బీట్లో కూడా, మంద దిగగానే జీవాలు ఎందుకు చస్తున్నాయి? ఐరోపా రైతులు అటువంటి బీళ్ళకు శాపం తగిలిందని అనుకునేవాళ్ళు. మన దగ్గర గంగమ్మకు కోపమొచ్చిందని పొంగళ్ళు పెట్టినట్టే వాళ్ళూ మొక్కులు మొక్కుకునేవాళ్ళు.

ధాత కరువు ఏడాది

కోచ్ చేసిన పని చాలా సాదాది. దొమ్మతో చచ్చిన గొర్రె నెత్తురును శుభ్రంగా కాల్చిన చిన్న కట్టెపుల్లకు అంటించి, ఎలుక తోక దగ్గర చర్మం కింద గుచ్చాడు. మర్నాటికి ఎలుక చచ్చింది. దాని నెత్తురు ఇంకో ఎలుకకు, దానిది ఇంకో ఎలుకకు, ఇట్లా వరుసగా ఎక్కించుకుంటూ పోయాడు. ప్రతిదీ అదే తీరున చచ్చింది, ప్రతిదాని నెత్తురులోనూ అవే పుల్లలు. ఆ పుల్లలను జంతువు ఒంటి బయట పెంచాలని, కసాయి దగ్గర తెచ్చిన ఎద్దు కంటిలోని నీటిచుక్కలో వేసి వెచ్చగా వుంచి గంటల తరబడి కనిపెట్టుకుని కూర్చున్నాడు. పుల్లలు పొడుగై దారాలయ్యాయి. ఆ దారాల్లో ముత్యాలు గుచ్చినట్టు చిన్న చిన్న గింజలు కట్టాయి.

శాపం తగిలిన బీళ్ళ గుట్టు ఆ గింజల్లో వుంది. పుల్లల రూపంలో వున్న క్రిమి కొద్ది కాలానికే చస్తుంది. గింజ కట్టిన క్రిమి మాత్రం ఎండకు ఎండినా, వానకు నానినా చావదు. అటక మీద పెట్టిన రాగి విత్తనం వాన కోసం ఎదురుచూసినట్టు అది మట్టిలో ఏళ్ళకేళ్ళు పడి వుంటుంది. కసువుతోపాటు జీవం కడుపులోకి పోగానే మళ్ళీ మొలుస్తుంది. గింజ కట్టాలంటే మాత్రం దానికి గాలి కావాలి, కొంత వెచ్చదనం కావాలి. చచ్చిన జీవాన్ని కోయకుండా వుంటే లోపల వున్న క్రిములు చాలావరకు కుళ్ళులో నశిస్తాయి. కత్తి పెట్టి కోస్తే, నెత్తురు నేలమీద చిందితే, గాలి తగిలి గింజలు కడతాయి. అంటే ఆ నేలలో రోగాన్ని మన చేతులారా విత్తినట్టే లెక్క.

కోచ్ ఈ సంగతిని 1876 ఏప్రిల్ ఆఖరున బ్రెస్లౌ విశ్వవిద్యాలయంలో ఫెర్డినాండ్ కోన్ అనే శాస్త్రజ్ఞుని ముందు ప్రయోగాలు చేసి చూపించాడు. అదే ఏడాది కోన్ తన పత్రికలో అచ్చువేశాడు. ఒక ఫలానా రోగానికి ఒక ఫలానా క్రిమి కారణమని ప్రపంచంలో తొలిసారిగా పూర్తి రుజువుతో తేలింది అప్పుడే.

అదే 1876లో మన రాయలసీమలో ధాత కరువు మొదలైంది. 1878 వరకు మద్రాసు రాజధాని అంతటా లక్షల మంది జనం, వాళ్ళతోపాటు గొడ్డూ గోదా చచ్చాయి. అప్పటికి మదనపల్లె కడప జిల్లాలో, పుంగనూరు, కుప్పం జమీందారీల కింద ఉత్తర ఆర్కాడులో వుండేవి. ఇంగ్లీషు ప్రభుత్వం 1869లోనే పశువుల ప్లేగు మీద ఒక కమిషన్ వేసింది, 1871లో దాని నివేదిక వచ్చింది. నివేదిక రావడం వేరు, కొట్టం దగ్గరికి డాక్టరు రావడం వేరు. ఆ రెండింటికీ మధ్య దూరం మన దేశంలో చాలా పెద్దదని అప్పుడే తెలిసింది.

క్షయ, కలరా, ఒక రహస్య మందు

1880లో కోచ్‌ను బెర్లిన్‌కు పిలిచి ప్రభుత్వ ఆరోగ్య కార్యాలయంలో పని ఇచ్చారు. 1882 మార్చి 24న ఆయన క్షయరోగపు క్రిమిని కనిపెట్టినట్టు ప్రకటించాడు. ఆనాడు ఐరోపాలో చచ్చే ప్రతి ఏడుగురిలో ఒకరు క్షయతో చచ్చేవాళ్ళు. వాళ్ళలో ఎక్కువమంది ఫ్యాక్టరీ కూలీలు, ఇరుకు ఇళ్ళలో బతికే పేదలు. ఈ విషయంలో మదనపల్లె ప్రజలకు కోచ్ దూరపువాడు కాదు. 1912లో మొదలైన ఆరోగ్యవరం క్షయ ఆసుపత్రి దక్షిణాది నలుమూలల నుంచీ రోగులను రప్పించింది. ఆ ఆసుపత్రి డాక్టర్లు 1950 నుంచి మదనపల్లె చుట్టుపక్కల పల్లెల్లోనే బీసీజీ టీకా ఎంతవరకు పనిచేస్తుందో ఏళ్ళ తరబడి పరిశీలించారు. మన పల్లె జనం చాచిన చేతుల మీద సాగిన శాస్త్రం అది.

1883లో ఈజిప్టుకు, అక్కడి నుంచి కలకత్తాకు వచ్చి 1884లో కలరా క్రిమిని పట్టుకున్నాడు. ఒకే చెరువులో నీళ్ళు తాగడం, గుడ్డలుతకడం, స్నానాలు చేయడం వల్ల రోగం పాకుతున్నదని చూపించాడు. దేశానికి తిరిగిపోతే ప్రభుత్వం లక్ష మార్కులు బహుమానమిచ్చింది.

పేరు పెరిగింది, దానితోపాటు తొందర కూడా పెరిగింది. 1890లో క్షయకు మందు కనిపెట్టినట్టు కోచ్ ప్రకటించాడు. దాని పేరు ట్యూబర్‌కులిన్. అది దేనితో తయారైందో మొదట చెప్పకుండా రహస్యంగా వుంచాడు. ఆశతో వేలాది రోగులు బెర్లిన్‌కు పరుగెత్తారు. మందు నయం చేయలేదు, కొందరికి రోగం ముదిరింది, కొందరు చనిపోయారు. మందుగా పనికిరాని ఆ ట్యూబర్‌కులిన్ తర్వాత ఇంకో పనికి వచ్చింది. మనిషి ఒంట్లో గానీ, ఆవు ఒంట్లో గానీ క్షయ వుందో లేదో పరీక్షించడానికి చర్మంలోకి ఎక్కించి చూస్తారు. పాడి పశువుల్లో క్షయను పసిగట్టడానికి ప్రపంచమంతా వాడిన పరీక్ష అదే.

ముసర రోగం వెంట

1896 ఆఖరులో కోచ్ దక్షిణాఫ్రికాలోని కింబర్లీకి వెళ్ళాడు. అప్పటికి ఆఫ్రికాను ముసర రోగం, అంటే రిండర్‌పెస్ట్, తుడిచిపెడుతోంది. 1880లలో ఉత్తరాన ప్రవేశించి పదేళ్ళలో దక్షిణ కొసకు చేరింది. అది పోయిన దారిలో వందకు ఎనభై, తొంభై పశువులు చచ్చాయి. ఇథియోపియాలో దున్నడానికి ఎద్దు లేక కరువొచ్చింది. దక్షిణాన మందలు పోగొట్టుకున్న ఎందరో పశుపాలకులు పొట్టకోసం తెల్లవాళ్ళ గనుల్లో కూలికి పోవలసి వచ్చింది. పశువు చస్తే పశుపాలకుడు కూలీ అవుతాడన్న సంగతి మనకు కొత్త కాదు.

ముసర రోగపు క్రిమి సూక్ష్మదర్శినికి కూడా చిక్కనంత చిన్నది. కోచ్ దాన్ని పట్టుకోలేకపోయాడు. అయినా ఆ రోగంతో చచ్చిన పశువు పైత్యరసాన్ని మంచి పశువుకు చర్మం కింద ఎక్కిస్తే రక్షణ వస్తుందని 1897 ఫిబ్రవరి నాటికి చెప్పాడు. ఆ పద్ధతిలో లోపాలు లేకపోలేదు. ఆ తర్వాత ఇతరులు రక్షకద్రవం వాడి దాన్ని మెరుగుపరిచారు. అదే 1897లో ప్లేగు పరిశోధనకు బొంబాయి వచ్చిన కోచ్, హిమాలయ కొండల్లో ముక్తేశ్వర్‌లో వున్న పశురోగ పరిశోధనాలయానికి వెళ్ళి చూశాడు. 1889లో పూనాలో పుట్టి 1893లో అక్కడికి చేరిన సంస్థ అది. నేటి భారత పశువైద్య పరిశోధనా సంస్థకు మూలం అదే.

తప్పిన మాట

కోచ్ తప్పులో మనకు పనికొచ్చేది ఇంకొకటుంది. 1901లో లండన్‌లో జరిగిన సభలో ఆయన ఆవుల క్షయ వల్ల మనుషులకు భయం లేదనీ, దానికోసం ప్రత్యేకంగా జాగ్రత్తలు అక్కరలేదనీ చెప్పాడు. అంత పెద్దమనిషి చెప్పాడని బ్రిటిషు ప్రభుత్వం వూరుకోలేదు. ఒక కమిషన్ వేసి పదేళ్ళు పరీక్షలు చేయించింది. రోగపు ఆవు పచ్చిపాలు తాగితే మనుషులకు, ముఖ్యంగా పసిపిల్లలకు, క్షయ వస్తుందని 1911 నాటికి తేలింది. మన ఇళ్ళల్లో పాలు కాచి తాగే అలవాటు ఎంత మంచిదో దీన్నిబట్టి గ్రహించాలి. కోచ్ తేలిగ్గా తీసిపారేసిన ఆ ఆవు క్షయ క్రిమినే ఫ్రాన్సు శాస్త్రజ్ఞులు కాల్మెట్, గెరాన్ పదమూడేళ్ళు పెంచి, దాని బలం తగ్గించి, 1921లో బీసీజీ టీకాగా మార్చారు.

1905లో కోచ్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. 1906, 1907 సంవత్సరాల్లో తూర్పు ఆఫ్రికాలో అతినిద్ర రోగం మీద పనిచేశాడు. పాషాణం కలిసిన అటాక్సిల్ అనే మందును అక్కడి నల్లజాతి రోగులకు ఎక్కువ మోతాదుల్లో ఇచ్చాడు. కొందరికి కళ్ళు పోయాయి. తన దేశస్థుల మీద అట్లా ప్రయోగించడానికి ఎవరూ ఒప్పుకునేవాళ్ళు కాదు. వలస పాలకుల రక్షణలో నడిచిన శాస్త్రం నిరుపేదను ఎట్లా చూసిందో దాచిపెట్టి కోచ్ జీవితం చెప్పడం సబబు కాదు. 1910 మే 27న ఆయన బాడెన్ బాడెన్‌లో గుండెజబ్బుతో కన్నుమూశాడు.

ఆయన తర్వాత మన దగ్గర

కోచ్ పోయాక ఆ పని ఆగలేదు. 1920లలో ముక్తేశ్వర్‌లో ఎడ్వర్డ్స్ అనే శాస్త్రజ్ఞుడు ముసర రోగపు విషాన్ని మేకల్లో పెంచి చౌకైన టీకా తయారుచేశాడు. చిత్తూరుకు చేరువలో వున్న రాణిపేటలో 1932లో ఏర్పడిన సంస్థ దక్షిణాది పశువులకు టీకా మందులు తయారుచేసింది. 1954లో భారత ప్రభుత్వం దేశమంతటా ముసర నిర్మూలన కార్యక్రమం మొదలుపెట్టింది. ఊరూరా, కొట్టం కొట్టానికీ టీకా బృందాలు తిరిగాయి. దేశంలో చివరిసారి ఆ రోగం కనిపించింది 1995లో, మన చిత్తూరు పొలిమేర అవతల ఉత్తర ఆర్కాడులో. 2006లో భారతదేశానికి రోగవిముక్త దేశమన్న గుర్తింపు వచ్చింది. 2011లో ప్రపంచమంతటా ఆ రోగం లేకుండా పోయిందని ప్రకటించారు. మశూచి తర్వాత మనిషి భూమ్మీద లేకుండా చేసిన రెండో రోగం అది.

ఇది ఎట్లా సాధ్యమైంది? టీకా ఉచితంగా వేశారు. మోతుబరి ఎద్దుకూ, కూలివాడి బక్క ఆవుకూ తేడా లేకుండా వేశారు. పశువు దగ్గరికి మందు వచ్చింది గానీ, మందు కోసం పశువును పది మైళ్ళు తోలుకు పొమ్మనలేదు. ప్రభుత్వం తలుచుకుంటే ఏమి చేయగలదో దానికి ఇంతకంటే రుజువు అక్కరలేదు.

గాలికుంటు, ఈసుడు రోగాల మీద కూడా ఇట్లాంటి కార్యక్రమం 2019లో కేంద్రం మొదలుపెట్టింది. 13,343 కోట్ల రూపాయలు కేటాయించారు. పశువు చెవికి పన్నెండు అంకెల పోగు వేసి, ఆరు నెలలకొకసారి గాలికుంటు టీకా, పెయ్య దూడలకు నాలుగో నెలనుంచి ఎనిమిదో నెలలోగా ఒకసారి ఈసుడు టీకా వేయాలన్నది పద్ధతి. 2022లో మన రాష్ట్రంలో 1962 నంబరుకు ఫోన్ చేస్తే వచ్చే సంచార పశువైద్య బండ్లు మొదలయ్యాయి. ఇవి మంచి పనులే, వాడుకోవలసినవే. మేము తిరిగే పల్లెల్లో చూస్తున్న చిక్కు ఏమిటంటే, టీకా వేసేవాళ్ళు పది గంటలకు వస్తారు. అప్పటికి కూలీలు పనికి పోయి వుంటారు, మేకలు గుట్టెక్కి వుంటాయి. ఇంటిదగ్గర కట్టేసి మేపగలిగినవాళ్ళ ఆవులకే సూది పడుతుంది. ఊళ్ళో సగం పశువులకు టీకా పడకపోతే మిగతా సగానికి వేసినా రోగం తిరుగుతూనే వుంటుంది.

పూడ్చిన గొర్రెకు ధర ఎంత?

ఇక దొమ్మ సంగతి. ముసర పోయింది గానీ దొమ్మ పోలేదు. దాని గింజ మట్టిలో దాక్కుంటుంది కనుక దాన్ని పూర్తిగా తుడిచివేయడం కష్టం. కానీ కట్టడి చేయవచ్చు. 1930లలో దక్షిణాఫ్రికాలో స్టెర్న్ తయారుచేసిన టీకా ఆధారంగానే నేటికీ పశువులకు దొమ్మ టీకా వేస్తున్నారు. రోగం వచ్చిన చోట ఏటా వానలకు ముందు వేయించాలి. ఉన్నట్టుండి చచ్చి, నల్లటి గడ్డకట్టని నెత్తురు కారే జీవాన్ని కోయగూడదు, ఒలవగూడదు, తినగూడదు, కుక్కలకు వేయగూడదు. ఆరడుగుల లోతు గుంత తీసి సున్నం చల్లి పూడ్చాలి. ఒట్టి చేతుల్తో ముట్టుకున్నవాళ్ళకు చేతిమీద నొప్పిలేని పొక్కు లేచి నల్లగా మాడితే ఆ రోజే ఆసుపత్రికి పోవాలి. తొందరగా మందు పడితే నయమవుతుంది. దక్షిణాదిలో ఈ రోగం మనుషులను ఇంకా పట్టుకుంటూనే వుందని వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ డాక్టర్లు 1990లలో రాశారు.

ఇవన్నీ 1876 నుంచి క్రమంగా తెలిసిన సంగతులే. తెలిసికూడా పల్లెల్లో చచ్చిన గొర్రెను ఎందుకు కోస్తున్నారు? అజ్ఞానం అని అధికారులు అంటారు. మేము ఒప్పుకోం. ఎనిమిది వేలో పది వేలో పెట్టి అప్పు చేసి కొన్న గొర్రె చచ్చింది. పూడ్చితే ఒక్క రూపాయి రాదు. పూడ్చడానికి ఆరడుగుల గుంత తీయాలంటే ఒక పూట కూలి పోతుంది, సున్నం కొనాలి, పూడ్చడానికి తనకంటూ చోటు కూడా లేదు. కోసి కుప్పలు వేస్తే కాస్తయినా చేతికొస్తుంది. ఈ లెక్క ముందు కరపత్రాలు పనిచేయవు. చచ్చిన గొడ్డును ఈడ్చే పని, ఒలిచే పని తరతరాలుగా దళితుల మెడకు కట్టారు. దొమ్మ పుండ్లు ముందు లేచేది ఆ చేతుల మీదే.

కాబట్టి నష్టపరిహారం అన్నది దయ కాదు, టీకా ఎట్లాగో అదీ రోగ నివారణలో భాగమే. రోగంతో చచ్చిన జీవాన్ని కోయకుండా కబురు పెట్టిన ఇంటికి, బీమా కట్టాడా లేదా అని అడక్కుండా, డాక్టరు చూసి రాసిన వారం లోపల డబ్బు అందాలి. గుంత తీయడం, సున్నం, పూడ్చే స్థలం పంచాయతీ చూడాలి. ఆ పని చేసేవాళ్ళకు కూలి, చేతులకు తొడుగులు ఇవ్వాలి. దొమ్మ వచ్చిన బీళ్ళ జాబితా ప్రతి పంచాయతీలో గోడమీద రాయాలి. టీకా బృందాలు తెల్లవారుజామున, మేకలు దొడ్లో వుండగా రావాలి. వారం ముందే దండోరా వేయించాలి. ఖాళీగా వున్న పశువైద్య ఉద్యోగాలు నింపాలి.

ఇవి సాధించుకోవడానికి మనం చేయవలసింది కూడా వుంది. ఈ వానకారుకు ముందే ప్రతి ఊళ్ళో కూలీల సంఘం కూర్చుని, గత పదేళ్ళలో జీవాలు ఉన్నట్టుండి చచ్చిన తావులు ఏవో పెద్దలను, గొర్రెల కాపరులను అడిగి రాసుకోవాలి. ఆ జాబితా తీసుకుని పశువుల ఆసుపత్రికి పోయి దొమ్మ టీకా ఎప్పుడు వేస్తారో తేదీతో సహా రాయించుకోవాలి. వోల్‌స్టైన్‌లో కోచ్ దగ్గర పెద్ద సాధనాలేవీ లేవు. చేతిలో వున్న కొద్దిపాటి వస్తువులతోనే ఆయన ఓపిగ్గా పని మొదలుపెట్టాడు. ఆ మాత్రం పని మన ఊళ్ళల్లో మనమూ చేయగలం.